అద్దం అంచు

గన్‌ఫౌండ్రీల నాది ఫ్రేముల దుకాణం.
దేవుళ్ళకు కట్టిన, పెళ్ళిళ్ళకు కట్టిన,
దండలేసే ఫోటోలకైతే లెక్కే లేదు.
ఆకులకు మాత్రం
ఒక్క జలజాక్షి మేడమ్‌కే కట్టిన,
ముప్పై ఒక్క ఏండ్లు.

యూనివర్సిటీల చెట్ల సార్లకు బొమ్మలు గీసే నౌకరి ఆమెది.
భూతద్దంల కన్ను, చేతిల పెన్సిలు,
ఫస్టు తారీకు జీతం.
రిటైరైన మర్నాడు
అడిక్‌మెట్ ఇంటి డాబా మీద
వానలు ఆగని దేశాల చెట్లను తెచ్చి పెట్టింది,
బండలు పగిలే ఈ ఊర్ల.

మేనెలల పోతే చూడాలె,
గోనె సంచులు తడిపి నాలుగు దిక్కుల కట్టి
వట్టివేర్ల కూలర్ మొక్కల దిక్కు తిప్పి
తను చెమటల కూసోని గీస్తుండేది.
"నాకు ఉక్కపోస్తే విసనకర్ర ఉన్నది,
దానికేమున్నది?" అనేది
హెలికోనియాను చూపించి.

కొన్న పచ్చరంగు ఇంట్ల ఉండనియ్యలే.
"ట్యూబుల పచ్చ తలుపులకేస్కో" అన్నది ఓసారి నాతోని.
పసుపు కొంచెం, నీలం కొంచెం,
గోటి మొనంత ఎరుపు.
ఎరుపు పడకపోతే ఆకు బతికినట్టుండదట.
పురుగు తిన్న బొక్కను గూడ వదలకపోయేది:
"పురుగు సంతకం అది. నాది కింద మూలకు."

జేడ్ తీగ ఒకటి ఉండె.
కేరళ నుంచి తడిగుడ్డల చుట్టి
రైల్ల ఒడిల పెట్టుకొని తెచ్చిన కొమ్మ.
తొమ్మిదేండ్లు ఆకులే.
నీళ్ళ ట్యాంకు ఎక్కింది, యాంటెన్నా పట్టింది,
పక్కింటి వరప్రసాదం సారుతోని రెండు పంచాయితీలు తెచ్చింది,
పువ్వు మాత్రం తేలే.

పదో ఏడు ఫిబ్రవరిల
ఫ్రేములియ్యపోయిన పొద్దున
నడుమెత్తు గెల వేలాడుతున్నది.
పిల్లిగోర్ల లెక్క వంకర తిరిగిన పూలు.
నేను బిల్లు సంగతే మర్చిపోయిన.
ఆమె రెండు దినాల నుంచి గీస్తున్నదట, అన్నం లేదు.
కాయితం చూసిన.
పువ్వు ఎండుగడ్డి రంగుల ఉన్నది.
నాకేం తెలుసు, పెద్దోళ్ళ పని అనుకున్న.
నోరు మూసుకొని మేకులు కొట్టిన.

ఏప్రిల్ల కండ్ల ఆపరేషన్ అయింది.
పట్టీ తీసిన వారానికి ఫోను:
"భిక్షపతీ, జల్ది రా."
పోతే, గోడల మీది బొమ్మలన్నీ దించి నేలకు పరిచింది.
పదేండ్ల ఆకులు, అన్నిట్ల చాయ్ ఒలికినట్టు.
"నా కంటి పొరను గీసిన నేను, చెట్టును కాదు."
ఏడుస్తదనుకున్న. నవ్వింది.
"పాతయి ఉండనీ. అప్పుడు అట్లనే కనబడ్డయి.
జేడ్ ఒక్కటి కావాలె.
గెల రాలిపోయింది, మళ్ళ ఎప్పుడో తెల్వదు.
నువ్వు చూసినవు గద ఆ పొద్దున.
రంగు చెప్పు."

నేనేం చెప్త?
నెమలి అన్న. కాదు.
హుస్సేన్‌సాగర్ అన్న.
ఆమె చూసిన చూపుకు మాట వాపసు తీసుకున్న.
పాత ఇరానీ హోటల్ తలుపు అన్న.
అది గూడ కాదు, నాకే తెలుస్తున్నది.

ఆఖరికి చేతులే చెప్పినయి.
సంచిల అద్దం ముక్క ఉండె,
రెండు వేళ్ళ వెడల్పు, కొలత తప్పి మిగిలింది.
మీది నుంచి చూస్తే దానికి ఏ రంగూ లేదు.
అంచు దిక్కు తిప్పి కిటికీ కాడ పట్టిన.
"గిది."

చాలాసేపు మాట్లాడలే ఆమె.
కూలర్ మోత. గోనెల నుంచి చుక్కలు.
కొత్త కండ్లతోని అంచు లోపలికి చూసి
నీలం సీసా మూత తిప్పింది.

ఆ ముక్క వాపసియ్యలే, నేనడగలే.
బొమ్మ ఇంక నా దుకాణానికి రాలే,
గీస్తనే ఉన్నదట, ఒక్క పువ్వుకు ఒక్క వారం.
నేను రోజూ కోస్తనే ఉన్న,
దేవుళ్ళకు, పెళ్ళిళ్ళకు, దండలేసెటోళ్ళకు.
టక్కున విరిగినంక
అంచు దిక్కు ఒకసారి చూసుకుంట,
అటెన్క ఫ్రేముల బిగిస్త,
ఎవ్వలకు కనబడదు.